ఎవరి మూర, ఎవరి జాన

మూరమావయ్య జన్మలో టేపు పట్టుకోడు. గుడ్డ కొలవాలన్నా, గోడ కొలవాలన్నా, గుమ్మం కొలవాలన్నా ఆయనకు చెయ్యే ఆధారం. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా మూర. వేళ్లు బారజాపితే బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా జాన. నాలుగు వేళ్లు దగ్గర పెడితే బెత్తెడు. ఇంతవరకైతే పాతకాలపు మనిషి, పోనిద్దూ అనుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే ఆయన తన చేత్తో కొలవడు. ఆ వస్తువు ఎవరి కోసమో వాళ్ల చేత్తో కొలుస్తాడు. వాళ్లు నిద్రపోతున్నా, భోంచేస్తున్నా, తలుపు దగ్గర చెప్పులు వేసుకుని బయల్దేరబోతున్నా సరే.

పోనీ లెక్కలు రానివాడా అంటే అదీ కాదు. పరాయిదేశం వచ్చి ముప్పై రెండేళ్లు సర్వే ఆఫీసులో పనిచేశాడు. మూడుకాళ్ల స్టాండు మీద యంత్రం పెట్టి ఈ కొండకూ ఆ కొండకూ మధ్య దూరాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పిన మనిషి. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు అభిమానంగా ఒక ఖరీదైన టేపు బహుమతిగా ఇస్తే, దాన్ని గుమ్మం దగ్గరే పోస్టుమాన్ చేతిలో పెట్టి ఇంట్లోకి వచ్చాడు.

"ఇన్నాళ్లూ నేలను కొలిచాను. నేలకు నడుం నొప్పి రాదు. ఇక మనుషుల్ని కొలుస్తాను" అన్నాడు.

అత్తయ్య అప్పుడు నవ్వింది. ఆ నవ్వు నవ్వినందుకు తరవాత రెండేళ్లపాటు తనని తానే తిట్టుకుంది.

ఎందుకంటే ఆ నెలలోనే మావయ్య ఒక పాత ఇల్లు కొన్నాడు. గోడలు గట్టివే గానీ మిగతాదంతా దేవుడి మీద భారం వేసి నిలబడి ఉంది. తలుపు తీస్తే కిటికీ మూసుకునేది. స్నానాలగదిలో తొట్టి అంచు ఎంత ఎత్తుగా ఉందంటే, స్నానం చేయాలంటే ముందు గోడ దూకడం నేర్చుకోవాలి. "ఆరు నెలల్లో అద్దంలా చేసేస్తాను" అని మావయ్య మాటిచ్చాడు. అత్తయ్య వంటింటి గోడకు పెద్ద క్యాలెండరు తగిలించింది. ఇంటిపని జరిగే రోజులకు ఎర్ర పెన్సిలు, ప్రయాణాలకు నీలం, ఇంటికి వచ్చే స్నేహితులకు ఆకుపచ్చ.

ఏడాది తిరిగేసరికి క్యాలెండరులో ఎరుపు వెతకాలంటే భూతద్దం కావలసి వచ్చింది.

మావయ్యకు స్నేహితులు ఎక్కువ. ఆ స్నేహితులకు తీరిక ఎక్కువ. వచ్చినవాళ్లు నిద్రలేవలేదని ఉదయం మేకులు కొట్టకూడదు. మధ్యాహ్నం వాళ్లు కునుకు తీస్తారని రంపం పట్టకూడదు. సాయంత్రం వాళ్లకు ఊరు చూపించాలి. వాళ్లు వెళ్లగానే, "పాపం, వాళ్లు మన ఇంటికి వచ్చారు కదా, మనం వాళ్లింటికి వెళ్లకపోతే ఏం బావుంటుంది?" అని మావయ్య పెట్టె సర్దేవాడు. ఒకసారి స్నానాలగదిలో పలకలు అతికించడానికి జిగురు కలిపి, అది ఆరేలోపు వచ్చేద్దామని నాలుగు రోజుల ప్రయాణానికి అత్తయ్యను బయల్దేరదీశాడు. వచ్చేసరికి జిగురూ బకెట్టూ గరిటా ముగ్గురూ ఒకటైపోయి ఉన్నారు. పదిహేను రోజులపాటు ఆ ఇంటి అతిథులు తువ్వాళ్లు భుజాన వేసుకుని పక్కింటికి స్నానానికి వెళ్లారు. పక్కింటి ముసలావిడ వాళ్ల పేర్లు కూడా నేర్చేసుకుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఆ ఇంట్లో కొలవబడకుండా ఎవరూ కాఫీ తాగలేదు. మావయ్య గుమ్మంలోనే కౌగిలించుకునేవాడు. కొత్తవాళ్లు ఎంత ఆప్యాయతో అనుకుని కరిగిపోయేవాళ్లు. ఆయన కౌగిలి వదిలీ వదలగానే జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకునేవాడు.

దీన్ని ముందుగా కనిపెట్టినవాడు బొద్దు బాబాయి. మావయ్యకు చిన్ననాటి స్నేహితుడు, రైల్లో నాలుగు గంటల దూరంలో ఉంటాడు, మనిషి ఇద్దరి పెట్టు.

"ఒరే, పోయిన నెల కూడా కౌగిలించుకున్నావు. నేనేమైనా తగ్గానని అనుమానమా?" అన్నాడు.

"తగ్గలేదు. పెరిగావు. రెండు వేళ్లు" అన్నాడు మావయ్య పుస్తకంలోంచి తలెత్తకుండా.

"చెల్లెమ్మా, చూశావా, నీ మొగుడు స్నేహితుణ్ణి దూలంలా కొలుస్తున్నాడు."

"మీరు అదృష్టవంతులన్నయ్యగారూ. మీకు కొలత మాత్రమే. నాకు కాపురం" అంది అత్తయ్య.

బొద్దు బాబాయి ఎవరింటికి వెళ్లినా చేతులున్న కుర్చీలో కూర్చోడు. నిలబడే కబుర్లు చెబుతాడు, కాళ్లు నొప్పిగా లేవంటాడు. ఆ కౌగిలి తరవాత రెండు వారాలకు వంటింటి కిటికీ కింద వెడల్పాటి బల్ల ఒకటి వెలిసింది. అది ఎందుకో, ఎవరి కొలతో మావయ్య చెప్పలేదు. బొద్దు బాబాయి మాత్రం వచ్చిన ప్రతిసారీ తిన్నగా వెళ్లి దాని మీదే కూర్చుంటాడు, లేవమంటే లేవడు.

ఈ కొలతల వల్ల అందరికంటే ఎక్కువ నలిగిపోయినవాడు వడ్రంగి. ఆ దేశం మనిషే. తాటిచెట్టంత ఎత్తు, పనిమంతుడు, మాట తక్కువ. మొదటి రోజున మావయ్య అతనికి ఒక కాగితం ఇచ్చాడు. వంటింట్లో అత్తయ్యకు అర కావాలి, నేల నుంచి మూడు మూరల జానెడు ఎత్తులో. మూర అంటే ఏమిటో చెయ్యి చాపి చూపించి, పని అర్థమైంది కదా అని భుజం తట్టి, స్నేహితుణ్ణి దింపడానికి స్టేషనుకి వెళ్లిపోయాడు.

వడ్రంగి బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. తన మూరలతో మూడు, తన జానతో ఒకటి.

అత్తయ్య సాయంత్రం వంటింట్లోకి వచ్చి తలెత్తి చూసింది. ఇంకా ఎత్తింది. ఆ అర మీద డబ్బా పెట్టాలంటే విసరాలి, తియ్యాలంటే కర్రతో కొట్టి పట్టుకోవాలి. మావయ్య వచ్చి చూసి, వడ్రంగి చేతిని తన చేతి పక్కన పెట్టుకుని, చాలాసేపు ఆలోచించి, "తప్పు నాదే. ఎవరి మూరో చెప్పలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి వడ్రంగికి మన భాషలో నాలుగు మాటలు వచ్చాయి. మూర, జాన, బెత్తెడు, ఎవరిది. మేకు దిగగొట్టే ముందు సుత్తి గాల్లో ఆపి, "ఎవరిది?" అని అడిగేవాడు. ఒకసారి అత్తయ్య కాఫీ ఇస్తే కూడా అలవాటు చొప్పున "ఎవరిది?" అన్నాడు.

ఊళ్లు చూడ్డానికి వెళ్లినా మావయ్య బుద్ధి మారలేదు. ఒక పెద్ద పాత భవనం ఉందనీ, దాని పైకప్పు నిండా బొమ్మలేననీ విని, ఆరు గంటలు రైల్లో కూర్చుని వెళ్లారు. లోపల రెండొందల మంది మెడలెత్తి పైకి చూస్తున్నారు. మావయ్య ఒక్కడూ మోకాళ్ల మీద కూర్చుని మెట్టును జానలతో కొలుస్తున్నాడు. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఆయన పడిపోయారా అమ్మా?"

"పడలేదండీ. మెట్టు కొలుస్తున్నారు."

"ఎందుకు?"

"అది నన్నడక్కండి" అంది అత్తయ్య.

మావయ్య తలెత్తి, "ఈ మెట్టు బెత్తెడు ఎక్కువ ఎత్తుంది. మీకు ఎడమ మోకాలు నొప్పి పుట్టదూ?" అన్నాడు. కాపలాదారు నోరు వెళ్లబెట్టాడు. ఆయనకి పన్నెండేళ్లుగా ఎడమ మోకాలే నొప్పట, డాక్టర్లు కూడా మెట్టు సంగతి అడగలేదట. ఇద్దరూ ఆ మెట్టు మీదే చతికిలబడి భవనం మూసేదాకా మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. పైన ఏం బొమ్మలున్నాయో మావయ్యకు ఇప్పటికీ తెలీదు. కాపలాదారు మాత్రం ఏటా ఉత్తరం రాస్తాడు.

ఇవన్నీ అత్తయ్య నవ్వుతూనో విసుక్కుంటూనో భరించింది. భరించలేనిది ఒకటే. అది పెద్దక్కయ్య సంగతి.

పెద్దక్కయ్య అంటే అత్తయ్యకు అమ్మ తరవాత అమ్మ, సముద్రం అవతల మన దేశంలోనే ఉంటుంది. ఆరేళ్ల కిందట మెట్ల మీద జారి తుంటి విరిగింది. అతికింది, నడుస్తోంది, తన పనులన్నీ తనే చేసుకుంటోంది. కానీ ఆనాటి నుంచి ఒక్క రాత్రి కూడా ఇంకొకరింట్లో ఉండలేదు. పెళ్లిళ్లకు రాలేదు, తన సొంత మనవరాలి బారసాలకు కూడా వెళ్లలేదు. చేతికర్ర పట్టుకోదు, ఎవరైనా చెయ్యందిస్తే కోపం తెచ్చుకుంటుంది. అత్తయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేసి రమ్మంటుంది.

"వస్తాలేవే, ఇంకోసారి."

"ఆరేళ్ల నుంచీ ఇంకోసారే కదక్కా."

"మీ ఇల్లింకా అవలేదుగా. ముందు అది కానీ."

ఈ మాట అత్తయ్య గుండెల్లో నాటుకుపోయింది. ఇల్లు పూర్తయితే అక్క వస్తుంది. ఇల్లు పూర్తి కాకపోవడానికి కారణం ఈయనగారి మూరలూ జానలూ స్నేహితులూ ప్రయాణాలూ. లెక్క చాలా సులువుగా ఉంది. ఫోన్ పెట్టేసిన ప్రతి ఆదివారం ఆవిడ క్యాలెండరు ముందు నిలబడి కళ్లు తుడుచుకునేది. మావయ్య ఆ సమయంలో పక్కగదిలో దేన్నో కొలుస్తూ ఉండేవాడు.

చివరికి ఒకరోజు ఆవిడ ఎర్ర పెన్సిలు తీసి వరసగా రెండు నెలలు నింపేసింది. "ఈ రెండు నెలలూ ఎవరూ రారు, మనం ఎక్కడికీ వెళ్లం" అంది. మావయ్య సరేనన్నాడు. మూడో రోజున బొద్దు బాబాయి ఫోన్ చేశాడు. నాలుగో రోజున మావయ్య పెట్టె సర్దాడు.

"పది రోజులే. వాడికి కొండలు చూడాలని ఎప్పటి నుంచో కోరిక."

"కొండలు ఎక్కడికీ పోవండీ. స్నానాలగది నేల తవ్వి పెట్టారు. పడకగది నుంచి స్నానాలగది దాకా నడవా అంతా ఖాళీ గోడలు. మంచం రేపో మాపో వస్తుంది."

"గోడ వెంట కొయ్యపట్టీ వేయించాలి. ఎత్తు ఎంతో వచ్చాక చెబుతాను. ఈలోగా వేయించకు" అని నిమ్మకు నీరెత్తినట్టు చెప్పి వెళ్లిపోయాడు.

బొద్దు బాబాయి రోజూ ఫొటోలు పంపేవాడు. కొండ ముందు ఆయన, వాగు ముందు ఆయన, టీకొట్టు ముందు ఆయన. అత్తయ్యకు అనుమానం వచ్చి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఒక్క ఫొటోలో కూడా ఈయన లేరేం?"

"తీసేది వాడే కదా చెల్లెమ్మా."

"ఈ ఫొటోలో మీ మొహం సగమే ఉంది, మీ చెయ్యే ముందుకు చాచి ఉంది. ఇది మీరే తీసుకున్నట్టున్నారే."

"వాడు పక్కన చెట్టును కొలుస్తున్నాడు" అన్నాడు బొద్దు బాబాయి.

అత్తయ్య వెంటనే నమ్మేసింది. ఆవిడ స్థానంలో ఎవరున్నా నమ్మేవాళ్లే.

ఎనిమిదో రోజున పెద్దక్కయ్య తనంతట తనే ఫోన్ చేసింది. "ఏమే, నేను వస్తున్నాను. మా పక్కింటివాళ్లు మీ వైపే వస్తున్నారట, అదే విమానంలో వాళ్లతో పాటు. ఇంకో నాలుగు వారాలు. ఏం, పలకవేం?" ఫోన్ పెట్టేశాక అత్తయ్య కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది, తరవాత లేచి వడ్రంగిని పిలిచింది.

రెండే రెండు రోజుల్లో ఆవిడ మొగుడి రెండేళ్ల బద్ధకాన్ని వదలగొట్టింది. నడవాలో గోడ వెంట నున్నటి కొయ్యపట్టీ, స్నానాలగది గుమ్మానికి ముచ్చటైన రాతి గడప, మంచం వేయించి దాని మీద మందపాటి పరుపు. వడ్రంగి సుత్తి గాల్లో ఆపి "ఎవరిది?" అంటే, "నాదే. కొట్టు" అంది.

పదో రోజున మావయ్య వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది, కొండల గాలి పడనట్టుంది. అత్తయ్య శుభవార్త చెప్పింది. "అలాగా, వదిన వస్తున్నారా, మంచిది" అని, చెప్పులు కూడా విప్పకుండా నడవాలోకి వెళ్లి నిలబడ్డాడు. కొయ్యపట్టీ మీద చెయ్యి వేశాడు. తరవాత వడ్రంగి వైపు తిరిగాడు.

"ఇది బెత్తెడు కిందికి దించాలి."

"ఎవరిది?" అన్నాడు వడ్రంగి.

"ఒక మనిషిది. ఈ గడప తీసెయ్యాలి. మంచం కాళ్లు నాలుగూ మూడేసి వేళ్లు కోసెయ్యాలి. ఇక్కడ, ఈ మలుపు దగ్గర, గోడకు ఆనించి ఒక కుర్చీ కావాలి."

అత్తయ్యకు కళ్లు తిరిగాయి. "నిన్ననే అయిందండీ ఇదంతా. కొత్త మంచం కాళ్లు కోస్తారా? నడవా మధ్యలో కుర్చీ ఎందుకు?"

"ఇక్కడే అలసట వస్తుంది."

"ఎవరికి?"

మావయ్య ఆలోచించాడు. "ఇంటికి" అన్నాడు.

అసలు సంగతి చెబితే పోయేదే. కానీ మావయ్యకు భార్య సంగతి తెలుసు. అత్తయ్య మనసు వెన్న, నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని ఆయన నోరు కట్టేసుకుని రంపం అందుకున్నాడు. ఇరవై మూడు రోజులు ఆ ఇంట్లో దుమ్ము తప్ప ఇంకేమీ వండలేదు. కట్టిన గడప విరగ్గొట్టారు. స్నానాలగది నేల వాలు సరిచేసి మళ్లీ పలకలు అతికించారు. కొయ్యపట్టీ దించారు, నున్నగా గీశారు, దించిన చోట రంగు మార్చారు. ఇంకో నాలుగు రోజుల్లో అక్క వస్తుందనగా కూడా స్నానాలగదికి తలుపు లేదు.

"వినండి" అంది అత్తయ్య నిబ్బరంగా. అరిచినప్పటి కంటే నిబ్బరంగా మాట్లాడినప్పుడే మావయ్యకు భయం. "ఆరేళ్ల తరవాత మా అక్క గడప దాటుతోంది. వచ్చి ఈ దుమ్ము చూసి, ఇబ్బంది పడి, రెండో రోజునే వెళ్లిపోతానంటే ఇంక ఈ జన్మలో రాదు. అది వచ్చేసరికి ఇది పూర్తి కాకపోతే దాన్ని తీసుకుని నేను హోటల్లో ఉంటాను. మీరు ఈ ఇంటిని కొలుచుకుంటూ ఉండండి."

"హోటల్లో మెట్లు ఎత్తు" అన్నాడు మావయ్య.

అత్తయ్య ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆ నాలుగు రోజులూ వడ్రంగి ద్వారానే కబుర్లు నడిచాయి.

విమానాశ్రయానికి అత్తయ్య బొద్దు బాబాయి కారులో వెళ్లింది. పెద్దక్కయ్య చిన్న చిన్న అడుగులతో బయటికి వచ్చింది. ఆరేళ్లలో కాస్త చిక్కింది, కాస్త పొట్టయింది. అత్తయ్య పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వదలవే. నేనేమన్నా ముసలిదాన్నా?"

దారి పొడుగునా అత్తయ్యకు ఇంటి ధ్యాసే. తలుపు బిగించారో లేదో, దుమ్ము తుడిచారో లేదో. ఇంటికి చేరేసరికి తలుపులన్నీ ఉన్నాయి. వార్నీషు వాసన ఉంది. మావయ్యా వడ్రంగీ మాత్రం లేరు. పెరట్లో చెట్టు వెనక దాక్కున్నారు. పెద్దపెద్ద సందర్భాల్లో మావయ్యకు మొహం చెల్లదు.

పెద్దక్కయ్య పడకగదిలో మంచం మీద కూర్చుంది. రెండు పాదాలూ నేలకు ఆనాయి. కాసేపు అలా కూర్చుని, చేతులు పరుపుకు ఆనించి, ఎవరినీ పిలవకుండా లేచింది. "మొహం కడుక్కొస్తానే" అంది. అత్తయ్య లేవబోయింది. "నువ్వు కూర్చో."

అత్తయ్య కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసింది. అక్క నడవాలోకి అడుగుపెట్టింది. చూడకుండానే కుడిచెయ్యి చాచింది. ఆ చెయ్యి సరిగ్గా కొయ్యపట్టీ మీద పడింది, మోచెయ్యి వంగలేదు, భుజం లేవలేదు. వెతుక్కోవడం లేదు, పట్టుకోవడం లేదు. ఊరికే గోడ పక్కన నడుస్తున్నట్టు నడిచింది. ఏడడుగులు వేసింది. మలుపు దగ్గర ఆగి, అది ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టుగా, ఆ పనికిమాలిన కుర్చీలో కూర్చుంది. ఊపిరి పీల్చుకుంది. లేచి మిగతా నాలుగడుగులు వేసింది. గడప లేని గుమ్మం దాటి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల్నుంచి నీళ్ల చప్పుడు, ఆ వెంటనే చిన్నగా కూనిరాగం వినబడ్డాయి.

పెద్దక్కయ్య పాడటం విని ఆరేళ్లయింది. అత్తయ్యకు ఏడుపు ఆగలేదు.

"మీ ఇల్లు బావుందే" అంది పెద్దక్కయ్య వచ్చి కూర్చుని, మొహం తుడుచుకుంటూ. "చిత్రంగా ఉంది గానీ, మా ఇంట్లో ఉన్నట్టే ఉంది. అయినా సుఖంగా ఉంటుందని మీ ఆయన ముందే చెప్పారులే."

"ఆయనా? ఎప్పుడు?"

పెద్దక్కయ్య నాలిక కరుచుకుంది. "చెప్పొద్దన్నారు. చెబితే నువ్వు లేకుండా మా ఇంటికి వచ్చారని అలుగుతావట. మొన్న ఎవరో స్నేహితుడితో ప్రయాణమై, మధ్యలో విమానం ఆగిపోయిందని మా ఇంటికి వచ్చారు. ఒక రోజంతా ఉన్నారు. నేను ఏ గదికి వెళ్తే ఆ గదికి వచ్చి కబుర్లు చెప్పారు, ఏమనుకోకు గానీ కొంచెం విసుగ్గానే ఉంది. వెళ్లేముందు నా చెయ్యి చూశారు."

"చెయ్యా?"

"హస్తసాముద్రికం. నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని, వేళ్లన్నీ చాపించి, మోచేతి దాకా నిదానంగా చూశారు. అలా చూసే జ్యోతిష్కుణ్ణి నేనెక్కడా చూళ్లేదు. 'వదినా, మీకు సముద్రం దాటే యోగం ఉంది. ఎవరి సాయమూ అక్కర్లేదు, సుఖంగా తిరిగి వస్తారు' అన్నారు. అప్పుడు ధైర్యం వచ్చిందే. అంత కచ్చితంగా చెప్పారు." ఆవిడ గొంతు తగ్గించింది. "నిజం చెప్పవే. ఆయనకు ఆ విద్య నిజంగా వచ్చా? లేకపోతే నా కోసం ఇక్కడ ఏవైనా ఏర్పాట్లు చేసి పిలిపించారా? నన్ను రోగిలా చూస్తే నేను రేపే వెళ్లిపోతాను."

జీవితంలో ఏ రహస్యాన్నీ పూటకంటే ఎక్కువ దాచలేని అత్తయ్య, నోటిదాకా వచ్చిన మాటను మింగింది. మింగడం చాలా కష్టమైంది.

"ఏర్పాట్లా? ఈయనా? రెండేళ్ల నుంచి స్నానాలగదికి తలుపు పెట్టించలేకపోయిన మనిషి. ఆ విద్య మాత్రం చిన్నప్పటి నుంచీ ఉందక్కా. వాళ్ల తాతగారి దగ్గర నేర్చుకున్నారు."

పెద్దక్కయ్య తృప్తిగా తలూపింది.

అత్తయ్య పెరట్లోకి వచ్చింది. చెట్టు వెనక మావయ్యా వడ్రంగీ తప్పుచేసిన పిల్లల్లా నిలబడి ఉన్నారు. ఆవిడ మొహం చూసి వడ్రంగి సుత్తి తీసుకుని జారుకున్నాడు.

"కుర్చీ ఏమైనా అడ్డమైందా?" అన్నాడు మావయ్య.

అత్తయ్య దగ్గరికి వెళ్లి గట్టిగా కౌగిలించుకుంది. మావయ్య బిక్కచచ్చిపోయాడు.

"ఎన్ని వేళ్లు చిక్కారో చూస్తున్నాను" అంది ఆవిడ. "చాలా చిక్కారు. నాలుగు రోజులుగా సరిగా తిననట్టుంది. సరే గానీ, అక్క మళ్లీ చెయ్యి చూపించుకుంటుందట. ఇక్కడి నుంచి ఇంకో ప్రయాణం ఏమైనా ఉందేమో చూడమంటోంది. ఉందని చెప్పండి."

"ఎక్కడికి?"

"సముద్రం ఒడ్డుకి. చిన్నప్పుడు ఒక్కసారి చూసిందట, అంతే."

మావయ్య మొహం గంభీరంగా మారిపోయింది. "ఒడ్డుకు దిగడానికి మెట్లుంటాయి. రైలు మెట్టు ఎంత ఎత్తో తెలీదు. కూర్చోడానికి ఎన్ని అడుగులకొక చోటుందో..."

"అందుకే రేపు పొద్దున్నే మనిద్దరం వెళ్లి చూసొద్దాం. అన్నయ్యగారు అక్కకి తోడుంటారు. కూరగాయలకి వెళ్లామని చెబుతారు."

"కూరగాయలకి ఒక పూటంతానా?"

"మీతో బజారుకి వెళ్తే అంతే పడుతుందని అక్కకి నేను చెబుతాలెండి."

ఆ సాయంత్రం మావయ్య కళ్లజోడు పెట్టుకుని, పెద్దక్కయ్య చేతిని దీపం దగ్గరికి తీసుకుని, చాలాసేపు చూశాడు. బొద్దు బాబాయి నవ్వాపుకోలేక నీళ్ల గ్లాసులో మొహం దాచుకున్నాడు. వడ్రంగి కూడా పని మానేసి వచ్చి, తన వంతు కోసం తన పెద్ద అరచేయి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నీటి ఒడ్డు కనిపిస్తోంది వదినా" అన్నాడు మావయ్య. "కానీ రేపు కాదు. ఎల్లుండి దాటాక."

పెద్దక్కయ్య గర్వంగా చెల్లెలి వైపు తిరిగింది. "చూశావా? తేదీతో సహా చెప్పారు."

"ఆయన చెప్పింది ఇంతవరకూ తప్పలేదక్కా" అంది అత్తయ్య, రేపు ఏ చెప్పులు వేసుకుంటే ఎక్కువ మెట్లు ఎక్కగలనా అని ఆలోచిస్తూ.